దువ్వెన గారి లౌక్యం

ఆడిటరు వస్తున్నాడని తెలిస్తే ఏ సంస్థలోనైనా మొదట జరిగేది కిటికీల దుమ్ము దులపడం. రెండోది, నిన్నటిదాకా బార్లా తెరిచి ఉన్న ఒక గదికి తాళం పడటం. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందని అడగండి, ఆ మనిషి నిన్న సాయంత్రమే సెలవు మీద వెళ్ళాడని చెబుతారు. ఇంతమంది ఇన్ని తాళంచెవులు జేబులో వేసుకుని ఎక్కడికి పోతారో, అందరూ ఒకచోట చేరి కబుర్లు చెప్పుకుంటారో ఏమో, ఇన్నేళ్ళ సర్వీసులో దువ్వెన గారికి అంతు చిక్కలేదు.

దువ్వెన గారంటే ఆడిటరే. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం కాగితాల మీద భద్రంగా ఉంది. ఆఫీసులో మాత్రం అందరికీ ఆవిడ దువ్వెన గారే. మొదట్లో చాటుగా అనేవారు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. ఎక్కడికి వెళ్ళినా మొదటి గది నుంచి చివరి గది దాకా ఒక్క మూల కూడా వదలదని ఆ పేరు పెట్టారు. ఆవిడ చూసేది డబ్బు లెక్కలు కాదు. ఆసుపత్రులు, పెద్ద పెద్ద వంటశాలలు, మందుల గోదాములు, ఇలా మనుషుల ప్రాణాలతో పని ఉన్న చోట్లు శుభ్రంగా, భద్రంగా ఉన్నాయో లేదో చూసి రిపోర్టు రాయడం ఆవిడ ఉద్యోగం. రాయడం వరకే. ఒక తలుపు మూయించే అధికారం గానీ, ఒక యంత్రాన్ని ఆపించే అధికారం గానీ ఆవిడకు లేదు. ఆ రిపోర్టు పై ఆఫీసుకు వెళ్ళి, అక్కడ అన్ని బల్లలూ తిరిగి, ఎవరో ఒకరు సంతకం పెట్టేసరికి నెల గడిచిపోతుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మనిషిని చూస్తే ఆడిటరని ఎవరూ అనుకోరు. పొట్టిగా, కాస్త బొద్దుగా, మెత్తటి చెప్పులు వేసుకుని, భుజాన సంచీతో వరండాలో నడుస్తుంటే ఎవరో రోగి తాలూకు పెద్దమ్మ అనుకుంటారు. ఒకసారి ఒక నర్సు ఆవిడను ఆపి, చూడటానికి వచ్చినవాళ్ళకు ఈ వేళలో అనుమతి లేదని బయటికి పంపేసింది కూడా. దువ్వెన గారు కిక్కురుమనకుండా బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. తర్వాత రిపోర్టులో ఆ నర్సు తన పని చక్కగా చేసిందని రాసింది.

అలాగని పుట్టుకతోనే ఇంత నెమ్మదస్తురాలేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడది మొహాన కొట్టినట్టు మాట్లాడే రకం. ఒక హాస్టలు వంటింట్లో, పనివాళ్ళందరి ఎదుట ఫ్రిజ్ తలుపు తీసి, "ఇంత కంపు కొడుతుంటే మీ ముక్కుకి తెలియట్లేదా?" అని పెద్ద వంటాయన్ని అడిగేసింది. మాట నిజమే. ఫ్రిజ్ కంపు కొడుతోంది కూడా. కానీ ఆ మాట అన్న క్షణం నుంచి ఆ వంటింట్లో ఎవరికీ ఏమీ గుర్తులేకుండా పోయింది. సరుకులు ఎక్కడ పెడతారు? తెలీదండీ. నీళ్ళ ట్యాంకు ఎవరు కడుగుతారు? అడిగి చెప్పాలండీ. ఆఖరికి చేతులు కడుక్కునే కుళాయి ఎక్కడుందో కూడా మరిచిపోయారు, దాని పక్కనే నిలబడి. ఆవిడ సగం పేజీ రాసుకుని తిరిగొచ్చింది. అప్పటి పై అధికారి, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన, అది చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఫ్రిజ్ నీకు దొరికిందమ్మా. మిగతా వంటిల్లంతా పోగొట్టుకున్నావు" అన్నాడు.

ఆ మాట ఆవిడకు తగలాల్సిన చోటే తగిలింది. అప్పటి నుంచి లౌక్యం నేర్చుకుంది. లౌక్యం అనగానే మూతి ముడిచేవాళ్ళుంటారు. తేనె పూసి అబద్ధాలు చెప్పడమని, పెద్దవాళ్ళ ముందు చేతులు నలపడమని వాళ్ళ ఉద్దేశం. అలాంటి మాటలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధం చెప్పడానికి లౌక్యం దేనికి, నోరుంటే చాలదూ? నిజం చెప్పడానికి, అంతకంటే ముఖ్యంగా అవతలివాళ్ళ చేత నిజం చెప్పించడానికి కావాలి లౌక్యం. దువ్వెన గారు ఒక్క ఆడిట్‌లో కూడా అబద్ధమాడలేదు, ఒక్క తప్పు కూడా దాచలేదు. ఆవిడది ఒకటే పద్ధతి. ఎవరి పని గురించి ఏం రాస్తుందో, అది వాళ్ళ పైవాళ్ళకు చెప్పేముందు ఆ మనిషి దగ్గరే కూర్చుని, ఆ మనిషికే చదివి వినిపిస్తుంది. తన మీద ఏం రాశారో పక్కవాళ్ళ నోటి ద్వారా వినాల్సిన గతి ఎవరికీ పట్టకూడదంటుంది. దానివల్ల ఆలస్యమవుతుందని తోటి ఆడిటర్లు సణుగుతారు. సణగనిస్తుంది.

ఇంటికొచ్చేసరికి మాత్రం ఈ లౌక్యమంతా ఏమైపోతుందో ఆ భగవంతుడికే తెలియాలి. గుమ్మంలో చెప్పులతో పాటే దాన్నీ విప్పి లోపలికొస్తుంది. భర్త ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు నడుపుతాడు. పాపం, ఎవరి జోలికీ పోని మనిషి. ఆయన గ్లాసు కడిగి బోర్లిస్తే వెలుతురులో పెట్టి చూస్తుంది. "అంచు దగ్గర జిడ్డు అలాగే ఉంది, దీన్ని కడగడం అంటారా?" అంటుంది.

"రాసేముందు నాకోసారి చదివి వినిపించు" అంటాడాయన, మళ్ళీ కడుగుతూ.

పై వాటాలో ఉండే ఆడపడుచు మెట్ల మీద నుంచే వింటుంది. "వదినా, ఊళ్ళోవాళ్ళ మీద చూపించే ప్రేమలో పావు వంతు మా అన్నయ్య మీద చూపించరాదూ" అంటుంది. దువ్వెన గారు నవ్వేస్తుంది గానీ, గ్లాసు విషయంలో మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఒక ఆసుపత్రి ఆడిట్‌కి వెళ్ళినప్పుడు ఆవిడ వెంట ఇంకొకాయన కూడా ఉన్నాడు. చదివింది సైన్సే అయినా, ప్రశ్న మీద ప్రశ్న వేసి ఎదుటివాళ్ళను బోనులో నిలబెడతాడని ఆయన్ని ప్లీడరు గారంటారు. మనిషి నిక్కచ్చి. తెలివైనవాడు. ఎవరి దగ్గరా మంచినీళ్ళు కూడా ముట్టడు. లోకంలో నిజాయితీ ఉన్నవాళ్ళందరితోనూ వచ్చే చిక్కే ఆయనతోనూ ఉంది: తను నిజం మాట్లాడుతున్నప్పుడు ఎదుటివాళ్ళు ఎందుకు ముడుచుకుపోతారో ఆయనకు అర్థం కాదు.

రెండో రోజు ఇద్దరూ కింది అంతస్తులో స్టెరిలైజేషన్ గదికి వెళ్ళారు. ఆపరేషన్లకు వాడే కత్తులు, కత్తెరలు, పటకార్లు కడిగి, ఆకుపచ్చ గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి క్రిములు లేకుండా చేసే గది అది. పైన థియేటరులో డాక్టర్లు ఎంత గొప్పవాళ్ళయినా, వాళ్ళ చేతిలోకి వచ్చే కత్తి ఈ గదిలోంచే వెళ్ళాలి. ఇక్కడ అన్నిటికంటే పెద్ద నియమం ఒక్కటే. యంత్రంలోంచి మూట పొడిగా రావాలి. తడిగా వచ్చిందంటే అది పనికిరాదు. తడి గుడ్డలోంచి క్రిములు దర్జాగా లోపలికి నడిచి వెళ్తాయి.

గదిలో రెండు యంత్రాలున్నాయి. ఒకటి నడుస్తోంది. రెండోదాని మీద తెల్ల దుప్పటి కప్పి, 'రిపేరు' అని అట్టముక్క తగిలించారు. గది ఇన్‌చార్జి పొడుగ్గా, సన్నగా, జుట్టంతా టోపీలో దాచుకున్న అరవైకి దగ్గరపడ్డ ఆవిడ. ఆవిరి తగిలి తగిలి ఆమె చేతులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"అది చాలా రోజుల్నుంచి ఆపేశామండీ. అన్నీ ఒకటో దాంట్లోనే చేస్తున్నాం" అంది ఇన్‌చార్జి.

దువ్వెన గారు కళ్ళజోడు తుడుచుకునే మిషతో ఆ దుప్పటికి ఆనుకుంది. వీపుకు వెచ్చగా తగిలింది. అయినా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. అందరూ వెళ్ళాక నెమ్మదిగా అడుగుదామనుకుంటూ ఉండగానే ప్లీడరు గారు ముందుకొచ్చి దుప్పటి లాగేసి, యంత్రం మీద అరచెయ్యి ఆనించాడు.

"ఆపేసిన యంత్రం వేడిగా ఎందుకుంది?"

ఇన్‌చార్జి టోపీ సరిచేసుకుంది. మూటలు కడుతున్న ఇద్దరు పనివాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు.

"తెలీదండీ."

"మీ గదిలో యంత్రాన్ని మీకు తెలీకుండా ఎవరు నడుపుతారు? అబద్ధం చెబుతున్నారు మీరు. ఇందులోంచి వచ్చిన మూటలేవి?"

"తెలీదండీ."

"ఇవన్నీ రాసుకుంటున్నాను."

"రాసుకోండి" అంది ఇన్‌చార్జి. ఆ తర్వాత ఆమె నోట్లోంచి ఒక్క ముక్క ఊడిపడితే ఒట్టు. దువ్వెన గారికి ఆ పాత హాస్టలు వంటిల్లు కళ్ళముందు కదిలింది. కుళాయి పక్కనే నిలబడి కుళాయి ఎక్కడుందో తెలీదన్న మొహాలు ఇవే.

అరల నిండా మూటలున్నాయి. అన్నీ ఒకే ఆకుపచ్చ గుడ్డ, ఒకే టేపు, అన్నిటి మీదా ఒకటో యంత్రం ముద్ర. వాటిలో కొన్ని ఆ రెండో యంత్రంలోంచి వచ్చాయి. ఏవి వచ్చాయో లోకం మొత్తం మీద తెలిసింది ఒక్క మనిషికి, ఆ మనిషి నోరు కుట్టేసుకుంది. రేపు పొద్దున్నే పైన ఆపరేషన్లున్నాయి. ఈ మూటలే విప్పుతారు.

వరండాలోకి వచ్చాక ప్లీడరు గారు, "స్పష్టంగా అబద్ధం చెప్పింది. రాసేద్దాం" అన్నాడు.

"రాద్దాం. నెల తర్వాత చదువుతారు. కత్తి పెట్టేది రేపు."

"అయితే సూపరింటెండెంటుకి చెప్పి ఆపరేషన్లు ఆపిద్దాం."

"ఆపమనడానికి మనమెవరం? మూటలన్నిటి మీదా ఒకటో నంబరు ముద్ర ఉంది కదా అంటాడాయన. అప్పుడేం చెబుతాం?"

ప్లీడరు గారు బుర్ర గోక్కున్నాడు. "నేను తొందరపడ్డానా?" అన్నాడు చివరికి. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకైనా ఆయన్ని మెచ్చుకోవాలి.

"మీరడిగింది సబబే. కాకపోతే ఆమెకి పారిపోవడానికి దారి లేకుండా అడిగారు" అంది దువ్వెన గారు. "మీరు మందుల స్టోరు చూసి రండి. నేనిక్కడ ఉంటాను."

ఆవిడ లోపలికి వెళ్ళేసరికి పనివాళ్ళు భోజనానికి వెళ్ళిపోయారు. ఇన్‌చార్జి ఒక్కతే బల్ల దగ్గర నిలబడి మూటకట్టే గుడ్డలు మడత పెడుతోంది. తల ఎత్తలేదు. దువ్వెన గారు చేతులు కడుక్కుని, ఎదురుగా వెళ్ళి, గుడ్డ రెండో కొస పట్టుకుంది.

"మీకెందుకు మేడమ్, వదిలేయండి."

"ఊరికే కూర్చోలేను. ఈ కొస లోపలికా, పైకా?"

"లోపలికి."

ఇద్దరూ ఒక గుడ్డ మడిచారు. ఇంకోటి మడిచారు. దుప్పట్లు మడిచేటప్పుడు ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా నడిచినట్టు నడుస్తున్నారు గానీ, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"మీ కింద పనిచేసేవాళ్ళ ముందు మిమ్మల్ని అలా అడగాల్సింది కాదు. తప్పు మాదే" అంది దువ్వెన గారు.

ఇన్‌చార్జి చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆడిటరు నోట తప్పు మాదే అన్న మాట ఆమె ఎన్నడూ విని ఉండదు.

"యంత్రం వేడిగా ఉందని ఆయన కంటే ముందే నాకు తెలుసమ్మా. దాని గురించి ఇప్పుడు అడగను. ఒక్కటే అడుగుతాను. రేపు ఆ థియేటరులో బల్ల మీద పడుకునేది మీ ఇంట్లో మనిషే అనుకోండి. ఆ అరల్లోంచి ఏ మూటలు పంపుతారు? మంచివి చూపించండి చాలు. మిగతావాటి ఊసు నాకొద్దు."

చూశారా, ఇదీ దువ్వెన గారి పని. చెడ్డవేవో చూపించమంటే అది నేరం ఒప్పుకోవడం. మంచివి చూపించమంటే అది తన పనితనం చూపించుకోవడం. తేలేది మాత్రం ఒకటే.

ఇన్‌చార్జి చేతిలోని గుడ్డ అంచు సరిచేసింది. పైన పైపుల్లో నీళ్ళు పోతున్న చప్పుడు వినబడింది.

"నా పేరు రాస్తారా?"

"రాయనని మాటివ్వలేను. ఏం రాసినా ముందు మీకు చదివి వినిపిస్తాను. చెప్పింది మీరేనని కూడా రాస్తాను."

ఇన్‌చార్జి గుడ్డ బల్ల మీద పెట్టి అర దగ్గరికి నడిచింది. ఒక్కో మూటా తీసి, టేపు చివర వేలితో తడిమి, కొన్ని బల్ల మీద పెట్టింది, కొన్ని కిందనున్న బుట్టలో వేసింది. మొదట నెమ్మదిగా వేసింది, తర్వాత గబగబా వేసింది. బుట్ట నిండి, ఇంకో బుట్ట లాక్కోవాల్సి వచ్చింది.

"రెండో దాంట్లోంచి వచ్చినవాటికి టేపు చివర లోపలికి మడిచాను. ఎవరికీ కనబడదు. నాకైనా తెలియాలి కదా మేడమ్" అంది. ఇక మాటలు ఆగలేదు. ఆ రెండో యంత్రం తలుపు రబ్బరు అరిగిపోయి ఆవిరి బయటికి పోతోంది. మూటలు చెమ్మగా వస్తున్నాయి. కొత్త రబ్బరు తెప్పించమని ఎన్నిసార్లు పైకి వెళ్ళి అడిగినా, ఈ ఆడిట్ గండం గడవనీ, అప్పటిదాకా ఎలాగోలా నెట్టుకురా అన్నారు. ఒక్క యంత్రంతో అన్ని ఆపరేషన్లకూ చాలదు. నడపకపోతే పైవాళ్ళు ఊరుకోరు, నడిపితే మనసు ఊరుకోదు. మిగిలిన రెండేళ్ళ సర్వీసూ సజావుగా గడిస్తే చాలనుకుంది.

"ఈ మడిచినవి ఎక్కడికి పంపారు?"

"చిన్న చిన్న కట్లు కట్టడానికే. ఆపరేషన్‌కి ఒక్కటీ పంపలేదు" అంది ఇన్‌చార్జి. అంటూనే, మడిచిన గుడ్డనే విప్పి మళ్ళీ మడిచింది.

దువ్వెన గారు అది గమనించింది. నోటిదాకా వచ్చిన ప్రశ్నను అక్కడే ఆపుకుంది. ఇప్పుడే తెరుచుకున్న తలుపును తన్నకూడదని ఆవిడకు తెలుసు. "సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. ఇంకేమైనా గుర్తొస్తే చెప్పండి" అని మాత్రం అంది.

తర్వాత సూపరింటెండెంటు గది. విషయం వినగానే ఆయన ఒంటికాలి మీద లేచాడు. "ఇంత పని చేసిందా? ఆ మనిషిని ఇవాళే పంపించేస్తాను."

"పంపించేస్తే, రేపు మంచి మూటలేవో థియేటరుకి ఎవరు చెబుతారండీ?" అంది దువ్వెన గారు, ఏ మాత్రం గొంతు పెంచకుండా. ఆయన కూర్చున్నాడు. ఆవిడ కుర్చీ కొంచెం దగ్గరికి లాక్కుంది. "రిపోర్టులో ఇలా రాయాలని ఉంది. 'లోపాన్ని ఇక్కడి సిబ్బందే చెప్పారు. చెప్పిన గంటలోనే ఆసుపత్రి ఆ యంత్రాన్ని ఆపేసింది, అనుమానమున్న మూటలన్నీ తీసేసింది.' మొదటి వాక్యం నిజం. రెండో వాక్యం ఇంకా నిజం కాలేదు. అది నిజమైతే తప్ప రాయలేను. అది మీ చేతిలో ఉంది."

సూపరింటెండెంటు గడియారం కేసి చూశాడు. ఫోను తీశాడు. యంత్రం ఆపించాడు, బుట్టలు ఖాళీ చేయించాడు, రేపటి ఆపరేషన్లలో ఆగదగ్గవి వాయిదా వేయించాడు. ఫోను పెట్టాక దువ్వెన గారు లేస్తూ, "రబ్బరు అడిగినా తెప్పించలేదన్న సంగతి కూడా రాస్తున్నానండీ. వేరేవాళ్ళు చెప్పేలోపు మీకే చెబుదామని" అంది. ఆయన కక్కలేక మింగలేక తల ఊపాడు. కోపం తెచ్చుకుందామంటే ఆవిడ కోపానికి చోటివ్వలేదు.

సాయంత్రం మళ్ళీ కింది అంతస్తుకు వెళ్ళి, ఇన్‌చార్జి పక్కన స్టూలు వేసుకుని, రాసింది మొత్తం చదివి వినిపించింది. ముద్రలు తప్పుగా వేసిన సంగతి ఉంది. అది విన్నప్పుడు ఇన్‌చార్జి తల దించుకుంది. చివర ఒక వాక్యం ఉంది: 'ఇన్‌చార్జి తానే ముందుకు వచ్చి, ఏదీ దాచకుండా అంతా చెప్పారు.' ఆ వాక్యం దగ్గర ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మార్చాల్సింది ఏమైనా ఉందా అమ్మా?"

ఇన్‌చార్జి ఏదో అనబోయి బల్ల తుడవసాగింది. "లేదు మేడమ్" అంది.

ప్లీడరు గారు కారు దగ్గర ఎదురుచూస్తున్నాడు. "ఏం మంత్రం వేశారో నాకూ చెప్పండి" అన్నాడు. "గుడ్డలు మడతపెట్టాను" అంది ఆవిడ. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. గేటు దాటబోతుండగా వెనక నుంచి ఎవరో పరుగున రావడం కనబడింది. ఇన్‌చార్జి. తల మీద టోపీ అలాగే ఉంది, గదిలో వేసుకునే రబ్బరు చెప్పులతోనే రోడ్డు మీదికి వచ్చేసింది.

కిటికీ అద్దం దించేసరికి ఆమె తలుపు అంచు పట్టుకుని నిలబడింది. "మేడమ్, అంతా చెప్పారు అని రాశారు. అంతా చెప్పలేదు. ఆ మాట నా మీద అలా ఉంటే నేను భరించలేను."

పోయిన వారం ఒకాయనకు కడుపులో నొప్పితో ఉన్నపళంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. తాపీ పనిచేసే మనిషి. ఆ వేళకు మంచి మూటలు అయిపోయాయి. పై నుంచి ఒకటే ఫోన్లు. టేపు చివర మడిచిన మూటను తన చేత్తోనే పంపింది. పట్టుకుని చూస్తే పొడిగానే అనిపించింది. అనిపించిందో, అలా అనుకుందో. ఆయన్ని అప్పుడే ఇంటికి పంపేశారు. అప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

ఒక్క క్షణం దువ్వెన గారికి లౌక్యం, అదీ ఇదీ ఏమీ గుర్తురాలేదు. ఇంతసేపూ ఎందుకు దాచావు, వారం రోజులుగా ఒక మనిషి కడుపులో ఏముందో తెలియకుండా తిరుగుతున్నాడే, అని గొంతు చించుకుని అరవాలనిపించింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ రబ్బరు చెప్పులతో రోడ్డు మీదికి పరిగెత్తి వచ్చిన మనిషి ముందు దాన్ని పారబోస్తే, ఆమె మళ్ళీ నోరు తెరుస్తుందా? ఆవిడ పక్కకు చూసింది. ప్లీడరు గారు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ముందుకు వంగి, "బండి ఆపు" అన్నాడు డ్రైవరుతో.

"పదండి, లోపలికి వెళ్దాం" అంది దువ్వెన గారు, కిందికి దిగి.

ఇన్‌చార్జి తానే సూపరింటెండెంటుకి చెప్పింది. ఆయన ముఖం నల్లబడింది, కానీ ఈసారి లేవలేదు. ఆ తాపీ పనాయన ఫోను నంబరు తీయించాడు. ఆఫీసు గుమాస్తా డయల్ చేయబోతుంటే దువ్వెన గారు, "ఆమెనే మాట్లాడనివ్వండి" అంది.

ఆ పనాయన భార్య ఎత్తింది. గదిలో అందరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టారు.

"ఆయన బాగానే ఉన్నారండీ, ఏమీ ఇబ్బంది లేదు" అంది భార్య, ఆసుపత్రి నుంచి అనగానే, ఏమీ అడగకముందే.

ఇన్‌చార్జి ఒకసారి దువ్వెన గారి వైపు చూసింది. తర్వాత ఫోనుకు దగ్గరగా వంగింది. "తిట్టడానికి ఫోను చేయలేదమ్మా. తప్పు మా వైపే జరిగి ఉండొచ్చు, అందుకే చేశాను. ఆయనకి ఒళ్ళు వెచ్చగా ఉంటోందా?"

అటువైపు తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

"జ్వరం తగ్గట్లేదండీ" అంది భార్య, గొంతు తగ్గించి. "కుట్ల దగ్గర ఉబ్బింది కూడా. బరువులు ఎత్తొద్దన్నారు కదా, ఈయన వినకుండా పనికి వెళ్ళాడు. అందుకే ఇలా అయిందేమోనని, వస్తే డాక్టరు గారు కేకలేస్తారని, రావడానికి భయపడుతున్నాడండీ."

గదిలో ఎవరూ ఎవరి వంకా చూడలేదు. ప్లీడరు గారు జేబులోంచి రుమాలు తీసి, ఏం చేయాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"తీసుకురామ్మా. ఎవరూ ఒక్క మాట అనరు. నేను గేటు దగ్గరే ఉంటాను" అంది ఇన్‌చార్జి.

చెప్పినట్టే గేటు దగ్గర నిలబడింది. దువ్వెన గారూ పక్కనే నిలబడింది. ఆటో వచ్చింది. తాపీ పనాయన కడుపు పట్టుకుని, భార్య భుజం మీద చెయ్యి వేసి దిగాడు. జ్వరంతో ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఇన్‌చార్జిని చూసి, "బరువులు ఎత్తానండీ. నా తప్పే" అన్నాడు.

గేటు దగ్గర కాపలావాడు, నర్సులు, సూపరింటెండెంటు అందరూ ఉన్నారక్కడ.

"మీ తప్పు కాదండీ. నాది" అంది ఇన్‌చార్జి, అందరికీ వినబడేలా. ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

లోపల చీము పట్టింది, ఇంకొన్ని రోజులు ఇంట్లోనే ఉంటే చేయి దాటిపోయేదన్నారు డాక్టరు గారు. కుట్లు విప్పి కడిగి, మందులు మొదలుపెట్టారు. దువ్వెన గారు బెంచీ మీద కూర్చుని రిపోర్టు తీసింది. జరిగినదంతా కింద రాసి, ఇన్‌చార్జికి మళ్ళీ చదివి వినిపించింది. పైన ఉన్న వాక్యాన్ని కొట్టేయనా అని అడగలేదు. 'ఏదీ దాచకుండా అంతా చెప్పారు' అన్నది ఇందాక చదివినప్పుడు సగం నిజం. ఇప్పుడు దాన్ని ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని లేదు.